ఇనుముకి చెద

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు మేము ల్యాబ్‌లో ఫర్నేస్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాం. "కవిత అయినా సరే, కథ అయినా సరే" అన్నారు. కవిత మాకు చేతకాదని తొమ్మిదో తరగతిలోనే తేలిపోయింది. గోడపత్రికకి వెన్నెల మీద రాయమంటే చంద్రుడు భూమికి ఎన్ని కిలోమీటర్ల దూరమో రాసి తెలుగు టీచర్‌తో తిట్లు తిన్నాం. అందుకని ఇప్పుడు చేస్తున్న పని గురించే రాస్తున్నాం. చెల్లెళ్ళు ఓపిగ్గా చదవండి. మధ్యలో కాస్త కెమిస్ట్రీ వస్తుంది, భయపడొద్దు.

హాస్టల్లో పెరిగినవాళ్ళకి 'నేను' అనే మాట తొందరగా నోటికి రాదు. కంచం దగ్గర్నుంచి పరీక్ష దాకా అన్నిటికీ 'మేము' అనడమే అలవాటు. ఇక్కడా అలాగే రాస్తాం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా మేము ఇక్కడే ఉన్నాం. కిటికీ పక్కన మూడో ట్రంకు పెట్టె మాది. ఇప్పుడు ఎం.టెక్ మెటలర్జీ రెండో సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ చదవడం మాతోనే మొదలు. అమ్మ వేలిముద్ర వేస్తుంది, నాన్న అయిదో తరగతి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో మెటలర్జీ వస్తే అది ఏం చదువో అడగడానికి మాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. 'లోహాల చదువు' అని నాన్నకి చెప్తే "అయితే ఇనప సామాన్ల కొట్టు పెట్టుకోవచ్చు" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే సంతోషించి అన్నాడు.

మా నాన్న షట్‌డౌన్ పనులకి వెళ్తాడు. మన శ్రీకాకుళం వైపు ఈ మాట తెలియనివాళ్ళు తక్కువ. రిఫైనరీలని, ఎరువుల కర్మాగారాలని కొన్నేళ్ళకోసారి నెల, నెలన్నర పూర్తిగా ఆపేస్తారు. బాయిలర్లు, గొట్టాలు విప్పి, కడిగి, అరిగినవి మార్చి మళ్ళీ నడుపుతారు. ఆ నెలన్నరకి వందల, వేల మంది మనుషులు కావాలి. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. పలాసలో జనరల్ బోగీ ఎక్కినవాళ్ళు రెండు రోజుల తరవాత గుజరాత్‌లో దిగుతారు. నాన్న ఖలాసీ. వెల్డర్‌కి, ఫిట్టర్‌కి సాయం చేయడం, బరువులు ఎత్తడం, లోపలికి దూరి శుభ్రం చేయడం అతని పని.

మేము ఏడో తరగతిలో ఉండగా దసరా సెలవులకి వెళ్ళేసరికి నాన్న అలాంటి పని నుంచే వచ్చి ఉన్నాడు. బట్టలు అమ్మ చెరువు గట్టున బండ మీద ఉతికితే ఎన్నిసార్లు జాడించినా నల్లనీళ్ళే. "పొయ్యి మసి ఇలాగ ఉండదే గుంటా, ఇది గరగరలాడతంది" అంది అమ్మ. నాన్న చెప్పిందేమంటే, పెద్ద బాయిలర్ లోపలికి మనిషి పట్టే కంత గుండా వెళ్ళి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, బ్రష్షుతో గీకి ఆ పొడి సంచుల్లోకి ఎత్తాడట. పొడి తీసేశాక గోడ చూస్తే అమ్మవారు పోసిన మొహంలాగ గుంటలు గుంటలు. "ఏటండీ ఇది అంటే మసి అన్నారు. ఇనుముకి కూడా చెద పడతాదేమో అనుకున్నాను" అన్నాడు. ఆ సెలవులంతా దగ్గాడు. ఆ పొడి ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ ప్లాంటు పేరుతో ఇక్కడ మనకి పని లేదు.

ఆ 'చెద' గురించే ఇప్పుడు మా ప్రాజెక్టు.

మసి మనకి కొత్త కాదు. గ్యాస్ బండ అయిపోయినప్పుడల్లా మన వంటమ్మ పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించేది, డేగిసా అడుగున వేలెడు మందాన మసి పట్టేది. కామాటి అక్క బూడిద, కొబ్బరిపీచు పెట్టి తోమితే పోయేది. ఆ మసి కార్బనే. కానీ అది గిన్నె మీద కూర్చుంటుందే తప్ప గిన్నెలోకి దిగదు. నాన్న ఎత్తిపోసిన పొడిలో కార్బన్ ఒక్కటే కాదు, ఆ గోడ కూడా ఉంది. లోహమే పొడి అయిపోయి మసిలో కలిసింది. దీన్ని మెటల్ డస్టింగ్ అంటారు.

అది ఎలా జరుగుతుందో చెప్పాలంటే మన పొలాల్లో చల్లే యూరియా దగ్గర మొదలుపెట్టాలి. యూరియాకి అమ్మోనియా కావాలి, అమ్మోనియాకి హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ని ఎక్కువగా సహజవాయువు నుంచే తీస్తారు. రామగుండంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కర్మాగారం కూడా గ్యాస్‌తో నడిచేదే. సహజవాయువుని నీటి ఆవిరితో కలిపి నికెల్ ఉత్ప్రేరకం మీద వేడి చేస్తే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన వాయువు వస్తుంది. అది చివరికి దాదాపు 1000 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. అంత వేడిని వృథా పోనివ్వరు కాబట్టి బాయిలర్ గుండా పంపి ఆవిరి చేసుకుంటూ చల్లారుస్తారు. చల్లారే దారిలో 800 నుంచి 400 డిగ్రీల మధ్య ఒక గండం ఉంది. ఆ వేడిలో కార్బన్ మోనాక్సైడ్ తన దగ్గరున్న కార్బన్‌ని వదిలించుకోవాలని చూస్తుంది. రెండు కార్బన్ మోనాక్సైడ్ అణువులు కలిసి ఒక కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఒక కార్బన్‌ని దించేస్తాయి. లేదా హైడ్రోజన్‌తో కలిసి నీరుగా మారి దించేస్తాయి. ఇంకా పైవేడిలో వాయువుకి ఆ తొందర ఉండదు. 400కి కింద తొందర ఉన్నా చర్య జరిగే వేగం ఉండదు. నడిమధ్యలోనే ప్రమాదం. మేము చదివినంతలో మాకు అన్నిటికంటే వింతగా తోచింది ఇదే. ఎక్కువ వేడి ఎక్కువ చేటు అనుకుంటాం కదా, ఇక్కడ కాదు.

దించిన కార్బన్ ఇనుములోకి దిగుతుంది. కార్బన్ ఇనుముకి శత్రువేమీ కాదు. పూర్వం మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పర్షియా దాకా పోయిందంటే, అందులో ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉన్న కార్బన్ గొప్పే. ఇక్కడ మాత్రం కొలత తప్పుతుంది. పట్టినంతకు మించి చేరిన కార్బన్ ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే పదార్థం అవుతుంది. దాని మీద మళ్ళీ కార్బన్ పేరుకుంటే ఆ సిమెంటైట్ నిలవలేక విడిపోయి గ్రాఫైటు, ఇనుప రేణువులు అవుతుంది. ఆ రేణువులు 20 నానోమీటర్ల పాటివి, అంటే మిల్లీమీటర్‌ని యాభై వేల ముక్కలు చేస్తే అందులో ఒకటి. అంతటితో ఆగితే బాగుండేది. ఆ రేణువులే మళ్ళీ ఉత్ప్రేరకాలై ఇంకా కార్బన్‌ని రాబడతాయి. దారాల్లాగ కార్బన్ పెరుగుతుంది. ఒకచోట మొదలైన గుంట తనను తానే తవ్వుకుంటూ పోతుంది. నికెల్‌లో సిమెంటైట్ మజిలీ లేకుండా నేరుగా గ్రాఫైటే లోపల పెరిగి లోహాన్ని చీలుస్తుంది. దారి వేరు, చివరికి పొడే. బయటికి ఏమీ తెలియకుండా లోపలి నుంచి తినేయడం చెద పనే కదా. ఇన్ని పేపర్లు చదివినా నాన్న అన్నదానికంటే మంచి మాట మాకు దొరకలేదు.

మరి కాపాడేది ఏది? మీరు రోజూ అన్నం తినే స్టీలు కంచం చూడండి. మంచి రకమైతే అందులో వందకి 18 పాళ్ళు క్రోమియం ఉంటుంది. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కొన్ని నానోమీటర్ల మందాన క్రోమియం ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. పీచుతో గీకినా మళ్ళీ వెంటనే కట్టుకుంటుంది. మన ట్రంకు పెట్టె అడుగున పట్టే తుప్పు కూడా ఆక్సైడే, కానీ అది బొరుసులు బొరుసులుగా ఉండి నీటిని, గాలిని లోపలికి రానిస్తుంది. ఆక్సిజన్ ఒక్కటే, ఏ లోహంతో కలిసిందన్నదాన్ని బట్టి కాపలా కాస్తుందో కన్నం వేస్తుందో తేలుతుంది.

బాయిలర్ లోపల గాలి లేదుగా, పొర ఎలా కడుతుంది అని అడగాలి మీరు. మేమూ అడిగాం. వాయువులో నీటి ఆవిరి ఉంటుంది. దాంట్లోంచి దొరికే ఆక్సిజన్ పిసరంత, ఇనుము ఆక్సైడ్ కావడానికి అది చాలదు. క్రోమియం, అల్యూమినియం మాత్రం ఆ పిసరంతని కూడా పట్టుకోగలవు. ఏ లోహానికి ఆక్సిజన్ మీద ఎంత ఆకలో చూపించే పటాన్ని ఎల్లింగ్‌హామ్ అనే శాస్త్రజ్ఞుడు 1944లో గీశారు. అది మా ల్యాబ్ గోడ మీద కేలండర్ పక్కనే ఉంటుంది. అందులో ఇనుము గీత పైన, క్రోమియం కింద, అల్యూమినియం ఇంకా కింద. ఎంత కిందుంటే అంత ఆకలి.

ఈ పొర చేసే మేలేమిటంటే, క్రోమియం ఆక్సైడ్‌లో కానీ అల్యూమినియం ఆక్సైడ్‌లో కానీ కార్బన్ దాదాపుగా కరగదు. కరగకపోతే దాటలేదు. పొర ఒక మైక్రాన్ ఉంటే చాలు, తలవెంట్రుక మందంలో యాభయ్యో వంతో, డెబ్భయ్యో వంతో. కార్బన్‌కి ఉన్న దారి ఒక్కటే, పొరలో పగులు. అందుకే మా రంగంలో పొర ఎంత మందం అని అడగరు, ఎక్కడ పగిలింది అని అడుగుతారు.

పగిలేది ఎక్కువగా ఎప్పుడో తెలుసా? చల్లారినప్పుడు. వేడి తగ్గితే లోహం ఎక్కువ ముడుచుకుంటుంది, ఆక్సైడ్ తక్కువ. ఆ పేచీలో పొర పెచ్చులూడుతుంది. అంటే ప్లాంటు ఆపిన ప్రతిసారీ పొరకి గాయమే. మళ్ళీ నడిపినప్పుడు కింద నుంచి క్రోమియం వచ్చి గాయం మాన్పాలి. అలా ఇచ్చీ ఇచ్చీ కింద క్రోమియం తరిగిపోయిన రోజున ఇంక పొర కట్టదు. షట్‌డౌన్ అంటే మాకు నాన్న మనీయార్డరు, అమ్మ నగ విడిపించుకోవడం. లోహానికి మాత్రం అది ఒక కష్టకాలమని ఎం.టెక్‌కి వచ్చాక గానీ తెలియలేదు. పెచ్చులూడకుండా లోహంలో ఇట్రియం లాంటివి చిటికెడు వేస్తారు. పప్పులో ఇంగువ ఎంతో ఇదీ అంతే, ఎక్కువైతే చెడుతుంది.

క్రోమియానికి కూడా హద్దుంది. పాల ప్యాకెట్ కవరుకి మూలమైన ఇథిలీన్‌ని తయారుచేసే ఫర్నేస్ గొట్టాల్లో లోహం వేడి 1050 డిగ్రీలు దాటితే, ఆ వాయువులో క్రోమియం ఆక్సైడే కార్బన్‌కి లొంగిపోయి కార్బైడ్ అయిపోతుంది. అక్కడ నిలిచేది అల్యూమినియం ఆక్సైడ్. అలాగని అల్యూమినియం ఎక్కువ కలిపితే గొట్టం పెళుసెక్కి వెల్డింగుకి లొంగదు. కొన్నిచోట్ల వాయువులో కాస్త గంధకం కలుపుతారు, అది లోహం మీద కూర్చుని కార్బన్‌కి చోటివ్వదు. అమ్మోనియా ప్లాంటులో ఆ చిట్కా పనికిరాదు, గంధకం నికెల్ ఉత్ప్రేరకాన్నే చంపేస్తుంది. ఒకచోటి మందు ఇంకోచోట విషం.

ఇక మా కథ. 800 అనే రకం మిశ్రమలోహం తీసుకున్నాం. వందకి 32 పాళ్ళు నికెల్, 21 పాళ్ళు క్రోమియం, మిగతాది చాలావరకు ఇనుము. గోరంత ముక్కలు ఎనిమిది కోసి, క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి, 650 డిగ్రీల దగ్గర కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, కొంచెం ఆవిరి పంపాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషిని చంపుతుంది. అందుకని అలారం లేకుండా, ఇంకొకరు తోడు లేకుండా గ్యాస్ తెరవనివ్వరు. రాత్రుళ్ళు మేమిద్దరం వంతులేసుకుని కాపలా కాశాం. స్టడీ అవర్‌లో నిద్ర ఆపుకున్న అనుభవం అక్కడ పనికొచ్చింది.

ఫొటోలు బాగా రావాలని ముక్కల్ని అద్దంలా చేయాలనుకున్నాం. ఎలక్ట్రోపాలిష్ చేస్తే మొహం కనపడేంత నునుపు వస్తుంది. ఏడు ముక్కలు అయ్యేసరికి కరెంటు పోయింది. ఎనిమిదోదాన్ని గరుకు ఎమెరీ కాగితం మీద రుద్ది అలాగే పెట్టేశాం. గైడ్ మేడమ్ చూస్తే తిడతారని దాన్ని చివరికి తోశాం. నాలుగు విడతల తరవాత తీస్తే, అద్దాల్లాంటి ఏడింటి మీదా నల్లటి పొక్కులు, పొక్కు కింద గుంట. గరుకుగా వదిలేసిన ఎనిమిదోది మాత్రం బూడిదరంగు పొరతో నిక్షేపంగా ఉంది.

మాకు కాళ్ళు చేతులు ఆడలేదు. నంబర్లు తారుమారు చేశామనుకున్నాం. ఆవిరి కొలత తప్పిందనుకున్నాం. అయిదు నెలల పని. స్టైపెండ్ నెలకి 12,400 రూపాయలు, అది 24 నెలలే వస్తుంది. అందులో అయిదు వేలు ఇంటికి పంపుతాం. ఆలస్యమైతే ఫీజూ లేదు, ఇంటికీ లేదు. ఆ రాత్రి టి.సి. తీసుకుని ఏదైనా స్కూల్లో చేరిపోదామా అని కూడా మాట్లాడుకున్నాం. మా ఊళ్ళో బి.టెక్ వదిలేసి వచ్చిన ఇద్దరు అన్నయ్యలు గుర్తొచ్చారు. వాళ్ళు చదవలేక రాలేదు, ఎవరిని ఏం అడగాలో తెలియక వచ్చారు. మాకూ పొద్దున్న దాకా ఎవరినీ అడగబుద్ధి కాలేదు. తప్పు చేసినట్టు కనపడితే సీటు పోతుందనే భయం చిన్నప్పటి నుంచీ మనతో వచ్చే భయమే కదా.

పొద్దున్నే వెళ్ళి ఎనిమిది ముక్కలూ మేడమ్ బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాం. ఆవిడ నవ్వారు. గరుకుగా రుద్దినప్పుడు లోహం పైపొర నలిగి, లోపలి క్రోమియం పైకి తొందరగా రావడానికి సందుగొందులు బోలెడు ఏర్పడతాయట. క్రోమియం ముందు చేరితే పొర ముందు కడుతుంది, కార్బన్ బయటే ఉండిపోతుంది. ఎలక్ట్రోపాలిష్‌తో ఆ నలిగిన పొరనే తీసేశాం, దారులు మూసేశాం. కార్బన్ ముందొచ్చింది. ఇది ఈ రంగంలో వాళ్ళకి ముందే తెలిసిన సంగతి, మేము చదవని పేపర్లో ఉంది. "ముందు చదివి ఉంటే అయిదు నెలలు మిగిలేవి. ఇప్పుడు దీన్నే ప్రాజెక్టు చెయ్యండి, ఏ గరుకుకి ఎంత కాలం ఆగుతుందో కొలవండి" అన్నారు. తిట్లు కూడా పడ్డాయి, అవి ఇక్కడ రాయం.

ఆ రోజే పొక్కుల మీది నల్లపొడిని కాగితం మీద దులిపి, కింద అయస్కాంతం ఆడించాం. మసి లేచి నిలబడి అయస్కాంతం వెంట నడిచింది. ఒట్టి కార్బన్ అయితే కదలదు. (అయస్కాంతం ఒక్కటే రుజువు కాదు, మాగ్నటైట్ కూడా అలాగే కదులుతుంది. తరవాత ఎక్స్‌రే డిఫ్రాక్షన్ చేసి చూసుకున్నాం.) ఆ పొడి చూస్తూ ఉంటే ల్యాబ్ కనపడలేదు, చెరువు గట్టున బండ కనపడింది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకి ఇదంతా చెప్పాం. మధ్యలో రెండుసార్లు కునికాడు. పొడి నడిచిందన్న దగ్గర మాత్రం లేచి కూర్చున్నాడు. "అయితే మేము ఎత్తిపోసింది గోడేనా?" అన్నాడు. కొంచెం సేపు ఆగి, "అలాటి గోడ అవతల పక్కన మనుషులం పన్నెండు మందిమి పడుకున్నాం, నీడగా ఉందని" అన్నాడు. మాకేం అనాలో తోచలేదు. ఈ మార్చిలో మళ్ళీ షట్‌డౌన్ ఉందని, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేశాడని అమ్మ చెప్పింది. వెళ్ళొద్దనడానికి మా దగ్గర ఇంకా జీతం లేదు. స్టైపెండ్‌లోంచి సన్నపొడి ఆపే మాస్కులు పది కొని, తువ్వాలు ఒక్కటీ చాలదని పదిసార్లు చెప్పి, పాత రేడియో స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి చేతికిచ్చాం. పొడి అంటుకుంటే పెద్దసారుకి చెప్పమన్నాం. మాలాంటివాళ్ళం చెప్తే వింటారా అన్నాడు కానీ, జేబులో వేసుకున్నాడు.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. అప్పటికి మేము పన్నెండో ముక్కని తూకం వేస్తున్నాం.

"అంటుకుందమ్మా" అన్నాడు. "సూపర్‌వైజర్ ముందు నవ్వాడు. తరవాత ఇన్‌స్పెక్షన్ బాబు వచ్చి చూసి, కాస్త పొడి సీసాలో పట్టుకుని పోయాడు. ఈ అయస్కాంతం ఎవరిచ్చారని అడిగాడు."

"ఏం చెప్పావ్?"

"మా గుంటదని చెప్పాను. లోహాల చదువు అని చెప్పాను."

మాస్కు పెట్టుకున్నావా అని అడిగాం. వినపడటం లేదు, సిగ్నల్ బాలేదు అని పెట్టేశాడు.